ఎడమ పక్క ఆకాశం

మార్చి 2

ఫ్యాక్టరీ పొగగొట్టం పగుళ్లు చూసే పని ఈ రోజుతో అయిపోయింది. డ్రోన్ పెట్టెలో పడుకుంది. బ్యాటరీలు చల్లారాయి. రెక్కలన్నీ వేలితో తడిమి చూశాను, ఒక్కదానికీ గీత పడలేదు. ఇంటికొచ్చాక గ్యాస్ కట్టేశానో లేదోనని రెండుసార్లు వంటింట్లోకి వెళ్లొచ్చాను. "ఇంకోసారి కూడా చూసి రండి చెక్‌లిస్టు గారూ, పాపం ఆ గ్యాస్ మీ మీద బెంగ పెట్టుకుంటుంది" అంది మా ఆవిడ. ఆ పేరు నాకు తనే పెట్టింది. ఇప్పుడు ఆఫీసులో కూడా అందరి నోటా అదే.

అననీ. భయం లేనివాడు ఈ పనికి పనికిరాడు. ఎప్పుడైనా పడిపోగల యంత్రాన్ని జనం నెత్తిమీద తిప్పుతూ బతుకుతున్నాం.

కొత్త మేనేజరు ఈ రోజు పని చూడ్డానికి వచ్చి, ఒక్క డ్రోన్‌కి ఇద్దరు మనుషులెందుకని అడిగాడు. కుర్రాడు. ఓపిగ్గానే చెప్పాను. ఎగరేసేవాడి కళ్లు తెర మీద ఉంటాయి. తెరలో గొట్టం మీది పగులు కనిపిస్తుంది గాని పక్కనుంచి వచ్చే పక్షి కనిపించదు, కింద నడిచే మనిషి కనిపించడు. అందుకని ఇంకొకరు ఆకాశాన్నీ నేలనీ చూస్తూనే ఉండాలి. ఆ ఇంకొకరు మా ఆవిడ. తను "దించు" అంటే దించేయాలి. ఎందుకని అడగకూడదు. డ్రోన్ దిగడానికి పరిచిన చాప మీదికి దిగాక కావలసినంతసేపు పోట్లాడుకోవచ్చు. ఇంట్లో ఏమండీ, మీరు అనే మనిషి అక్కడ మాత్రం "దించు" అంటుంది. "దించండి" అనేంత తీరిక గద్దలు ఇవ్వవట.

మేనేజరు నవ్వి, ఇంట్లో కూడా ఇదే పద్ధతా సార్ అన్నాడు. ఇంట్లోనా! రోడ్డు దాటేటప్పుడు నేను ఆగు అంటే, ఎందుకాగాలి అని అడిగి, నేను చెప్పిన జవాబు నచ్చితేనే ఆగుతుంది.

మధ్యాహ్నం గొట్టం అంచు దగ్గర ఉండగా ఎడమనుంచి గద్ద వచ్చింది. తెరలో ఒక్కసారి నల్లగా రెక్క. వెనక్కి లాగాను, పోయింది. తను ఏమీ అనలేదు. దించాక అడిగితే "గద్దా? ఎక్కడ?" అంది.

ఎండ కళ్లలో పడి ఉంటుంది.

ఎండ వీపు మీద పడేలా తనని నిలబెట్టింది నేనే. ఎప్పుడూ అలాగే నిలబెడతాను. అయినా గొట్టానికున్న ఇనుప నిచ్చెన మీంచి వెలుగు తిరిగి కొట్టి ఉండొచ్చు. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.


మార్చి 4

టీ కప్పు తన ఎడమచేతి దగ్గర పెట్టాను. పడగొట్టింది. తప్పు నాదే, చెప్పి పెట్టాల్సింది.


మార్చి 8

వంతెన పని మాకే వచ్చింది. నది మీద తీగల వంతెన. రెండు ఎత్తైన స్తంభాల నుంచి ఇనుప తీగలు రెండు వైపులకీ దిగుతాయి. వాటి తొడుగులు ఎక్కడ చిట్లాయో ఫోటోలు తీసివ్వాలి. వంతెన ఆపరు, బళ్లు పోతూనే ఉంటాయి. కింద గట్టు వెంబడి జనం నడిచే దారి. కాస్త దూరంలో ఆసుపత్రి హెలికాప్టరు దిగే చోటు. ఇంత ఇనుము ఉంటే డ్రోన్ దిక్సూచికి మతి పోతుంది. నాకూ పోయేలా ఉంది.

తనకి మాత్రం పండగే. భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి, చాప ఎక్కడ వేయాలి, నారింజ కోన్లు ఎక్కడ పెట్టాలి, బ్యాటరీ అయిపోతే ఏ ఎత్తులో వెనక్కి రావాలి, అన్నీ గుర్తులు పెట్టేసింది. హెలికాప్టరు వాళ్లకి తనే ఫోను చేసి, ఎగిరే ముందు మాకు కబురు చేసేలా ఒప్పించింది. వంతెన మీద వేలాడే తొట్లలో రంగులు వేసేవాళ్లున్నారు. మేం ఎగరేసే రోజుల్లో వాళ్లు పని ఆపుతారని వంతెన ఇంజినీరు చేత రాయించుకుంది. ఆఫీసులో తనకంటే బాగా ప్లాను వేసేవాళ్లు లేరు. ఇది మొగుడిగా అనే మాట కాదు.

చాప ఇవతలి గట్టున వేద్దామంది. అక్కడ వ్యాను ఆపడానికి చోటుంది, జనం తక్కువ. వంతెనకి ఎదురుగా నిలబడితే నది మొత్తం ఎడమవైపు కనబడుతుంది.

మ్యాపు చాలాసేపు చూశాను. అవతలి గట్టు మంచిదన్నాను. అక్కడ ఎడమవైపు గోడౌను గోడ అడ్డం ఉంటుంది, నది కుడివైపుకి వస్తుంది.

ఎందుకు అంది. గాలి అన్నాను.


మార్చి 9

ఇంజినీరు ఫోను చేసింది. ఇంత మంచి ఖాళీ స్థలం వదిలేసి గోడౌను పక్కన ఇరుక్కోవడం ఏమిటని ఆవిడ సందేహం. గాలి గురించి నేను చెప్పినదానికి ఆవిడ సరేనంది. నేను బాగా చెప్పాను. ఫోను పెట్టేసేసరికి నాకే నమ్మకం కుదిరింది.


మార్చి 11

ఏమీ జరగలేదు. తలుపు అంచు తగిలి తన ఎడమ మోచెయ్యి కమిలింది, అంతే.


మార్చి 14

అత్తగారు వచ్చారు. కూతురి చెయ్యి చూడగానే ఏమిటే ఈ దెబ్బలు అన్నారు. అంటూ నావైపు చూశారు. మా ఇంటి తలుపులకి నేనంటే కుళ్లు అంది తను. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కూడా నవ్వాను, కాస్త ఆలస్యంగా.

భోజనాలయ్యాక అత్తగారు మాటల్లో మాటగా వాళ్ల నాన్నగారి సంగతి చెప్పారు. ముసలితనం రాకముందే ఆయన గోడ తడుముకుంటూ నడిచేవారట. మనిషి ఎదురుగా ఉంటే గుర్తుపట్టేవారు, పక్కనుంచి వెళ్తే ఎవరూ అని అడిగేవారు. గర్వం అనుకునేవారట చుట్టాలు. "చివరికి గర్వం కాదని తేలింది, కళ్లే లేవని తేలింది. అప్పటికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు నాయనా" అన్నారు.

నేను లేచి పంపు సరిగ్గా కట్టానో లేదో చూడ్డానికి వెళ్లాను.

అత్తగారికి మాట్లాడ్డం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలీదు.


మార్చి 15

సాయంత్రం కొట్టుకెళ్లి నడిచి వస్తున్నాం. నేను తన ఎడమ పక్కన ఉన్నాను. మాటలాపేసి కాస్త వెనకబడ్డాను. ఒక అడుగు దూరం, అంతకంటే లేదు. తను ఆగి, కుడివైపు తిరిగి, వెనక్కి తిరిగి, "ఎక్కడికి మాయమయ్యారు?" అంది.

ఇక్కడే ఉన్నానన్నాను. దెయ్యంలా అలా రావద్దని కసిరింది.

ఇక మీద ఎడమ పక్కనే నడుస్తాను. ఏదైనా వస్తే నాకు తగులుతుంది. ఇందులో కష్టమేముంది.


మార్చి 18

వంతెన, మొదటి రోజు. అవతలి గట్టు.

పొద్దున్నే వెళ్లాం. గాలి మీటరు చూశాను, మళ్లీ చూశాను. తను కోన్లు పెట్టి, నడిచేవాళ్లని పక్క దారిలోకి మళ్లించి, నారింజ కోటు వేసుకుని గోడకి ఎడమ భుజం ఆనించి నిలబడింది. వాకిట్లో చీపురు వేసినట్టు ఆకాశాన్ని ఒక చివరినుంచి ఇంకో చివరికి చూస్తుంది తను, మధ్యలో ఎక్కడా వదిలిపెట్టదు. ఇదివరకు తల కదిలించకుండా కళ్లతోనే చూసేది. ఇప్పుడు మెడంతా తిప్పుతోంది. జాగ్రత్త పెరిగింది.

కుడినుంచి కొంగలు వస్తే చాలా ముందే చెప్పింది. హెలికాప్టరు కబురు వస్తే "దించు" అంది, దించాను. అది వెళ్లాక మళ్లీ ఎగరేశాను. అవతలి స్తంభం తీగలన్నీ అయిపోయాయి. ఫోటోలు అద్దంలా వచ్చాయి.

చూశావా, చెక్‌లిస్టూ? అనవసరంగా గుండెలు బాదుకున్నావు. ఏమీ లేదు. అలసిపోయి ఉంటుంది ఇన్నాళ్లూ, అంతే.

దారిలో ఐస్‌క్రీమ్ తిన్నాం. పెళ్లయిన కొత్తలో లాగా వ్యాను వెనక తలుపు తెరిచి కూర్చుని తిన్నాం. తను ఎప్పుడూ లేనిది, నా ప్లాను బాగుందని ఒప్పుకుంది. గోడౌను సంగతి తనకి తట్టలేదట.


మార్చి 19

ఇవతలి స్తంభం తీగలు అవతలి గట్టునుంచి అందవు. అంత దూరం పంపితే డ్రోన్ కంటికి ఆనదు. కంటికి ఆనకుండా ఎగరేయకూడదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ దాని జోలికి పోలేదు.

రేపు ఇవతలి గట్టు. నది ఎడమవైపు.


మార్చి 20

గాలి విపరీతంగా వీచింది. పని ఆగింది. గాలికి దణ్ణం పెట్టుకున్నాను.

ఫోనులో కళ్ల గురించి ఒక పేజీ చదవడం మొదలుపెట్టాను. సగంలో మూసేశాను. ఫోను చూస్తే తలనొప్పి కూడా ప్రాణాంతకమే అని రాస్తారు.


మార్చి 21

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవతలి గట్టు. గాలి తగ్గింది. తనని బాగా ఎడమకి, నదివైపు తిరిగి నిలబడమన్నాను. అలా తిరిగితే వంతెన కనిపించదు కదా అంది. నిజమే. ఎప్పటిలాగే నిలబడింది. నేను ఎగరేశాను. ఎగరేయకుండా ఉండాల్సింది.

స్తంభం పై భాగం అయింది. ఒక్కో తీగ వెంట కిందికి దిగుతున్నాను. తను మధ్యమధ్య "ఖాళీ, ఖాళీ" అంటోంది. అంటే ఆకాశంలో అడ్డం లేదని. ఆ మాట వింటే నాకు ఊపిరి ఆడుతుంది ఎప్పుడూ. తెర అంచులో ఎర్రగా ఏదో కదిలింది. బకెట్టు. బకెట్టు పక్కన చెయ్యి. తర్వాత మొహం. ఒక మనిషి మొహం తెర నిండా, నోరు తెరిచి, నావైపు చూస్తూ.

"ఖాళీ" అంటోంది తను.

వెనక్కి లాగాను. ఎలా లాగానో తెలీదు. రెక్కలకీ అతని చేతికీ మధ్య జానెడు ఉందో లేదో. పైకి పోనిచ్చి, నది మీదికి తిప్పి, తెచ్చి చాప మీద దించేశాను. బ్యాటరీ తీసేశాను.

రంగులవాడు. ఈ రోజు పని లేదని అందరికీ చెప్పారు. గాలికి తన తొట్టి తాడు వదులైందేమోనని అతను ఒక్కడే బిగించడానికి ఎక్కాడట. అతని తప్పూ ఉంది. కానీ వేలాడే తొట్టి మెల్లగా, మిట్టమధ్యాహ్నం, ఎడమనుంచి వచ్చింది. గద్దలాగా రెప్పపాటులో రాలేదు. దాన్ని చూడ్డానికే కదా మేం ఇద్దరం వెళ్లేది.

"ఎందుకు దించారు? నేను అనలేదే" అంది తను.

చూపించాను. తల మొత్తం తిప్పి చూసింది. ఎర్ర తొట్టి, అందులో మనిషి. తర్వాత ఇంజినీరు దగ్గరికి తనే నడిచి వెళ్లి, తప్పు నాది, నేను చూసుకోలేదు అని చెప్పింది. రంగులవాడు కిందికి వచ్చాక అతని రెండు చేతులూ పట్టుకుంది.

నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు.


మార్చి 22

పొద్దున్న లేచేసరికి తను మేనేజరుకి రాసేసింది. నా అజాగ్రత్త వల్లే జరిగింది, ఇక ఈ పనికి నన్ను పిలవద్దు అని. నేను చదివాను. పంపవద్దు అనలేదు. టీ చల్లారిపోయిందన్నాను. ఇంతకంటే హీనంగా మనిషి ఎలా బతుకుతాడో నాకు తెలీదు.

సాయంత్రం మేడ మీదికి వెళ్తే తను పిట్టగోడ దగ్గర నిలబడి ఆకాశం చూస్తోంది. ఒక చివరినుంచి ఇంకో చివరికి. మళ్లీ మొదటినుంచి. పక్కింటి నీళ్ల ట్యాంకు మీద కాకి కూర్చుంది, ఎడమవైపు. తన చూపు దాన్ని దాటి వచ్చింది, మళ్లీ దాటి వెళ్లింది.

"అక్కడ తొట్టి లేదండీ. నేను చూశాను. ఒట్టు, లేదు" అంది. "చూస్తూనే ఉన్నాను. లేదు."

అప్పుడు చెప్పాను. నువ్వు చూశావు, నీకు కనబడలేదు, ఎడమ పక్క నీకు కనబడటం లేదు అన్నాను.

అరుస్తుందనుకున్నాను. నవ్వుతుందని కూడా అనుకున్నాను. కుడికన్ను అరచేత్తో మూసుకుని నావైపు తిరిగింది. "మీ ముక్కు కనిపిస్తోంది. భుజాలు లేవు" అంది.

చెయ్యి దించి, మళ్లీ మూసి, మళ్లీ దించి చూసుకుంటూనే ఉంది. నేను చూడలేకపోయాను.


మార్చి 24

కంటి ఆసుపత్రి.

తెల్లటి గిన్నె లాంటి యంత్రం. గడ్డం ఆనించి, ఎదురుగా ఉన్న చుక్కనే చూడాలి. చుట్టూ ఎక్కడైనా వెలుగు మెరిస్తే చేతిలో బొత్తాం నొక్కాలి. ఆ యంత్రం నడిపే అమ్మాయి ముందు చిన్న తెర ఉంది. వెలుగు ఎక్కడ మెరిసిందో, తను నొక్కిందో లేదో అందులో పడుతుంది. అటు చూడకూడదనుకున్నాను. బతుకంతా తెర చూసినవాణ్ని, కళ్లు వాటంతటవే అటు పోయాయి.

కుడివైపు మెరిస్తే టక్కున నొక్కుతోంది. ఎడమవైపు మెరుస్తుంది, ఆరిపోతుంది. మెరుస్తుంది, ఆరిపోతుంది. తను బుద్ధిగా కూర్చుని, తర్వాతి వెలుగు కోసం చూస్తోంది. పరీక్షలో కూర్చున్న పిల్లలా, వేలు బొత్తాం మీద సిద్ధంగా పెట్టుకుని. అరిచి చెప్పాలనిపించింది, అదుగో, అదుగో అని.

బయటికి వచ్చి, "అన్నీ నొక్కాను" అంది నాతో. మొహం వెలిగిపోతోంది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. నొప్పి ఉండదు, చీకటి పడ్డట్టు కూడా ఉండదు, లేనిచోట లేనట్టే తెలీదు. ఎడమకన్ను చాలావరకు పోయింది. కుడికన్నుకి ఇప్పుడే మొదలైంది. పోయింది తిరిగి రాదు. రోజూ మందు వేసుకుంటే ఉన్నది నిలబెట్టుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగింది. తను లేదంది. నేను వాళ్ల తాతగారి సంగతి చెప్పాను. తను నావైపు తిరిగి చూసింది.

ముందే వస్తే బాగుండేదా అని అడిగాను. ఎందుకడిగానో. కొన్ని నెలల ముందు వచ్చి ఉంటే ఇంకాస్త మిగిలేది, మీకు తెలియదు కాబట్టి ఏం చేస్తారు అంది డాక్టరమ్మ.

వ్యాను తాళం తిప్పబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

పొగగొట్టం రోజునుంచి అన్నాను. గద్ద.

కాసేపు లెక్కలు వేసుకుంది. తర్వాత, అందుకేనా అవతలి గట్టు అంది. అందుకేనా గోడౌను గోడ. గాలి కాదన్నమాట. అవునన్నాను. నా ప్లాను బాగుందని ఆ రోజు మెచ్చుకున్నందుకు సిగ్గుపడుతున్నానంది. తను ఆకాశానికి దూరమైపోతుందని భయపడ్డానని చెప్పబోయాను. చెప్పనివ్వలేదు.

"నువ్వు చూశావు. చెప్పలేదు" అంది. "మనిద్దరికీ ఉన్నది ఒకే ఒక్క నియమం. చూసినవాళ్లు చెప్పాలి. నేను ఒక్కనాడైనా నీకు చెప్పకుండా దాచానా?"




మార్చి 25

మళ్లీ మీరు అంటోంది. చుట్టాలతో అన్నట్టు.


మార్చి 26

మందు తనే వేసుకుంటోంది. చుక్క బుగ్గ మీద పడుతోంది. నేను వేస్తానంటే వద్దంది.

ఎడమ పక్క స్టూలు ఉందని చెప్పాను. "నిజంగా ఉందా, లేక గాలా?" అంది. ఆగలేదు. మోకాలికి కొట్టుకుంది. నొప్పి బయటికి చెప్పకుండా లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో చాలాసేపు గిన్నెలు తోమిన చప్పుడు. అవి కడిగిన గిన్నెలే.


మార్చి 28

మేనేజరుకి నేను వేరే రాసిచ్చాను. తన అజాగ్రత్త కాదు, తనకి కనబడదని తెలిసి నిలబెట్టింది నేను అని. అతను రెండుసార్లు చదివాడు. కొన్నాళ్లు నన్ను ఎగరేయవద్దన్నాడు. అది న్యాయం. మీరేనా సార్ ఈ పని చేసింది, చెక్‌లిస్టు గారేనా అన్నాడు. అన్నీ చూసుకునే మనిషి కదా మీరు, అన్నాడు. గ్యాస్ చూసుకున్నాను, పంపు చూసుకున్నాను, రెక్కలు తడిమి చూసుకున్నాను.


మార్చి 30

పొగగొట్టం రోజునుంచి అని చెప్పాను కదా. అది కూడా అబద్ధమే.

ఈ డైరీ మార్చి రెండున మొదలుపెట్టాను కాబట్టి నాకు కూడా అప్పుడే తెలిసిందని అనుకుంటూ వచ్చాను. వానలప్పుడే తెలుసు. గోపురం లాంటి ఒక సెల్ టవరు పని దగ్గర, ఎడమవైపు కోన్లు దాటి సైకిలు మీద వచ్చిన ముసలాయన్ని తను చూడలేదు. అప్పుడు వాన తుంపర అనుకున్నాను. తర్వాత వ్యాను తలుపు నుదుటికి తగిలింది. అప్పుడేమనుకున్నానో గుర్తులేదు. ఏదో ఒకటి అనుకునే ఉంటాను. ఎండ, గాలి, తుంపర, నాకు వాతావరణానికి కొదవ లేదు.

కొన్ని నెలల ముందు వచ్చి ఉంటే, అంది డాక్టరమ్మ.


మార్చి 31

చెప్పేశాను. తను అడగలేదు, నేనే చెప్పాను. బట్టలు మడత పెడుతోంది. ఎదురుగా, తనకి కనబడేచోట కూర్చుని, వానలప్పుడే తెలుసు అన్నాను. సైకిలు ముసలాయన, వ్యాను తలుపు, అన్నీ. సాకులు చెప్పలేదు. గొంతులోకి వచ్చినవి మింగేశాను.

చొక్కా మడత పెట్టడం ఆపింది. ఇది చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా అంది. కాదన్నాను. మరి ఎందుకు చెప్పారు అంది. చూశాను కాబట్టి అన్నాను.

మంచం మీద కూర్చుని ఏడ్చింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు, పొమ్మని కూడా అనలేదు. గది గుమ్మంలోనే కూర్చున్నాను. నేనూ ఏడ్చాను. తన ఎడమ కంట్లోంచి కూడా నీళ్లు మామూలుగానే వస్తాయి.


ఏప్రిల్ 3

తను ఆఫీసుకి వెళ్లింది. ఆకాశానికి కాపలా కాసే పని వద్దు, ప్లాను బల్ల ఇవ్వండి అని అడిగిందట. ఎక్కడ ఎగరేసినా ముందు తను చూసి ఒప్పుకోవాలి, లేకపోతే డ్రోన్ పెట్టెలోంచి బయటికి రాకూడదు. మేనేజరు వెంటనే సరేనన్నాడు. తను మొదటగా చేసిన పని, వంతెన ప్లానులో నా గోడౌను కొట్టేయడం.

సాయంత్రం మందు సీసా నా చేతికిచ్చి, మంచం మీద వెల్లకిలా పడుకుంది. వెయ్యండి అంది. ఎంత గాలిలోనైనా డ్రోన్‌ని కదలకుండా నిలబెట్టే నా చెయ్యి ఆ చిన్న సీసాని నిలబెట్టలేకపోయింది. మొదటి చుక్క ముక్కు మీద పడింది. "ఇంత పైలట్‌నా నేను కట్టుకున్నది" అంది. నవ్వలేదు గాని, అంది.


ఏప్రిల్ 12

వంతెన పూర్తయింది. మళ్లీ ఎగరేయనిచ్చారు. కొత్త కాపలా మనిషి దొరికేదాకా ఆ పని మేనేజరే చేశాడు. నారింజ కోటు అతనికి మోకాళ్లదాకా వచ్చింది. మెడ పట్టేసిందని మధ్యాహ్నం దాకా గొణుగుతూనే ఉన్నాడు. తను వ్యానులో మ్యాపు ముందు కూర్చుని వాకీటాకీలో అందరినీ తిట్టింది. రంగులవాళ్లని ఒక్కొక్కరినీ కింద కూర్చోబెట్టి టీ పోయించాకే నాకు సరేనంది.

ఒకసారి మేనేజరు "దించు" అన్నాడు. దించేశాను. చూస్తే ప్లాస్టిక్ సంచి, గాలికి ఎగురుతోంది. అతని మొహం ఎర్రబడింది. నేనేదో అనబోయేలోపే వాకీటాకీలో తన గొంతు వచ్చింది. "అడగొద్దు. అతను చూశాడు, చెప్పాడు. అంతే."


ఏప్రిల్ 17

పెద్దగా రాయడానికి లేదు.

మందు తెచ్చుకుని ఆసుపత్రి నుంచి నడిచి వస్తున్నాం. కుడికన్ను ఒత్తిడి తగ్గిందట. నేను ఎడమ పక్కన నడవబోతే, గోడలా అడ్డం ఉండొద్దు, కుడివైపుకి రమ్మంది. వచ్చాను. రోడ్డు దాటుతున్నాం. తను ముందు అడుగు వేయబోయింది. ఎడమనుంచి స్కూటరు వస్తోంది, వేగంగానే.

"ఆగు" అన్నాను.

ఆగింది. ఒక కాలు గాల్లోనే ఉండిపోయింది. నా భుజం పట్టుకుని, ఎదురుగా చూస్తూ, అలాగే నిలబడింది.

స్కూటరు మాదాకా రాలేదు. ముందున్న సందులోకి తిరిగిపోయింది. ఆగాల్సిన పనే లేదు నిజానికి. వాడు తిరుగుతాడని నాకేం తెలుసు. ఇప్పుడడుగుతుంది, ఇప్పుడడుగుతుంది అని జవాబు వెతుక్కుంటూ నిలబడ్డాను.

"వెళ్లొచ్చా?" అంది.

వెళ్లొచ్చన్నాను. కాలు కింద పెట్టి నడిచింది. అవతలి పక్కకి చేరాం. కొట్టు ముందు ఆగి సబ్బు కొంది, ధర ఎక్కువని కొట్టువాడితో పోట్లాడింది. ఇంటికొచ్చాం. తాళం తీశాం.

ఎందుకు ఆగమన్నారని అడగలేదు.